సేనాశకటముపై బడి బస్సు

అమెరికా సంయుక్తరాష్ట్రములయందు బిడ్డలను బడికి గొనిపోవు పసుపుపచ్చని బస్సును చిత్రములలోనైన చూడనివారు మనలో అరుదు. వయసు చెల్లి వేలమునకు వచ్చిన అట్టి బస్సు పైకట్టును ఊడదీసి, సైన్యమువారు అక్కరతీరి అమ్మివేసిన ట్రక్కు చాసిస్‌పై నెక్కించి, అడవులకును ఎడారులకును సకుటుంబముగ పోవువారు ఆ దేశమున కొందఱు కలరు. నరసింహావతారమున సింహము పైనను మనుష్యుడు క్రిందను ఉండగా, ఇచట సింహము క్రిందికి దిగినది. మాది ఉపాధ్యాయుని యిల్లగుటచే బడి బస్సు పేరు వినగనే చెవియొగ్గితిమి. విచారించినకొలది ఇది మగవారి వేడుక మాత్రమే కాదనియు, ఆ బండిలో నిదురించు తల్లీబిడ్డల ప్రాణములతో ముడిపడిన పని యనియు తోచినది.

ఇందఱు బడి బస్సునే కోరుటకు కారణమేమి? దాని యెముకల గట్టితనమే. 1927లో జార్జియా రాష్ట్రమున ఆల్బర్ట్ లూస్ అను ఫోర్డు కార్ల వర్తకుడు, కొయ్యతో కట్టిన బస్సులు గతుకుబాటలపై విచ్చిపోవుట చూచి, ఉక్కు చట్రముతో బస్సు కట్టెను. బ్లూ బర్డ్ కంపెనీ అట్లు పుట్టినది. 1939లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఆచార్యుడు ఫ్రాంక్ సైర్ సభ కూర్చి, బడి బస్సులకు 44 నియమములు ఏర్పఱపించెను. వేకువ మసకలోనైన నల్లని అక్షరములు చక్కగ అగపడునట్టి ఆ పసుపువన్నె నాటి నిర్ణయమే. 1977లో వచ్చిన శాసనము ప్రకారము పెద్ద బస్సు కప్పు, బండి వట్టి బరువునకు ఒకటిన్నర రెట్లు పైనుంచినను నలిగిపోరాదు. పసిబిడ్డలకై చేసిన యీ కట్టుదిట్టమే పాతబస్సునకు నేటికిని విలువ తెచ్చుచున్నది.

ఇక క్రిందిది సేనాశకటము. ‘డ్యూస్ అండ్ ఎ హాఫ్’ అని ముద్దుపేరుగల ఎం-35 ట్రక్కును 1950 ప్రాంతమున రియో కంపెనీవారు రూపొందించిరి. బాట లేనిచోట రెండున్నర టన్నులు మోయునది గాన ఆ పేరు. దానికి మూడు ఇరుసులు. మూడింటికిని ఇంజను బలము చేరును. భారతమున కర్ణుని రథచక్రము క్రుంగిన కథ మన మెఱుగుదుము. ఇచట నొక చక్రము క్రుంగినచో తక్కినవి నెట్టి వెలికి దెచ్చును. ఎం-35 ఏ-2 ఇంజను డీజెలుతోనేగాక కిరోసినుతోను నడువగలదు. కాని గాలనుకు నడచునది పది మైళ్లకు అటునిటుగనే. ఆ ఖర్చు భరించు సంసారమేదో!

పైకట్టును దింపి మరలు బిగించిన చాలునని తలచువారు మోసపోవుదురు. చిక్కంతయు నచటనే యున్నది. ట్రక్కు చట్రము రెండు పొడవైన ఉక్కు దూలములతో చేసిన నిచ్చెనవంటిది. ఒక చక్రము బండరాతిపైకెక్కినపుడు అది మెలిదిరుగును. ఆ మెలిక దోషము కాదు. చక్రములు నేల విడువకుండుటకు అది తోడ్పడును. బస్సు పైకట్టు పెట్టెవంటిది, మెలిదిరుగదు. నులకమంచముపై భోషాణము నుంచి నాలుగు మూలలను మేకులు కొట్టి, మంచపుకోడు నొకదానిని పైకెత్తి చూడుడు: మేకులైన ఊడవలెను, భోషాణమైన పగులవలెను. బస్సునందును అట్లే అద్దములు పగులును, తలుపులు మూతపడవు, అతుకులు నోళ్లు తెఱచును.

దీనికి విరుగుడు మన వంటయింటి ముక్కాలిపీటలోనే యున్నది. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేలపైనను ఊగదు. అట్లే పైకట్టును ఒకవైపు రెండుచోట్లను, రెండవవైపు నడుమ తిరుగుడుకీలు మీద నొక్కచోటను నిలిపినచో, చట్రము మెలిదిరిగినను పెట్టెకు బాధ తగులదు. వేఱొక పద్ధతిలో వెనుక గట్టిగ బిగించి, ముందు మరలకు స్ప్రింగులు తొడుగుదురు; చట్రము క్రుంగినపుడు స్ప్రింగు నలిగి ఎడమిచ్చును. ట్రక్కు ముందుగదిని అట్లే యుంచి వెనుక బస్సు నమర్చినచో, రెండింటి నడుమ దారి రబ్బరు తిత్తితో కలుపవలెను. విజయవాడ ఆటోనగరులో వట్టి చాసిస్‌పై లారీలు కట్టు మేస్త్రీలకు ఈ సంగతి చెప్పిన తలయూపుదురని మా నమ్మకము.

పొడవును తగ్గింపక తప్పదు. తోక పొడవైనచో పల్లము దాటునపుడు నేలను గీరును. అందుచే ఐదాఱు కిటికీలకు సరిపడ కోసి, వెనుకగోడను తెచ్చి మరల అతుకుదురు. ఎత్తు మఱియొక గండము. ట్రక్కు చట్రమే యెత్తు, దానిపై బస్సు. ప్రక్కవాలు నేలపై తలబరువైన బండి ఒరగుటకు ఎంతసేపు? నీళ్లతొట్టిని కప్పుపై నుంచువారి వివేకమును మే మేమాత్రము మెచ్చము. బరువైన దెల్ల చట్రము దాపునను, దుప్పట్లు పైనను ఉండవలెను. నిలబడుటకై కప్పును కోసి పైకెత్తువారును కలరు. ఆ కోతతో ఉక్కు పక్కటెముకలు తెగును. సమానమైన ఉక్కుతో మరల అతుకనిదే ఒకటిన్నర రెట్ల బలమను మాట చెల్లదు.

అన్నింటికంటె మమ్ము భయపెట్టినది బ్రేకుల సంగతి. ఎం-35 ఏ-2 బండ్లలో బ్రేకునూనె అన్ని చక్రములకును ఒక్క మార్గముననే పోవును. ఎచటనో యొక గొట్టము చిట్లినచో కాలిబ్రేకంతయు వ్యర్థము. చేతిబ్రేకు నిలిచిన బండిని పట్టియుంచుటకే గాని పరుగెత్తుదానిని ఆపుటకు చాలదు. సైనికుల నెక్కించిన బండిలో బిడ్డల నెక్కించువారు మొదట నూనెమార్గములను రెండుగ విడదీయించవలెను. పరుపులును పొయ్యియు తరువాతి మాట. బండి నడచునపుడు మంచముపై బిడ్డలను పరుండబెట్టరాదు. గట్టిగ బిగించిన ఆసనమున నడుముపట్టీ కట్టి కూర్చుండబెట్టవలెను. గిన్నెలకును గొళ్లెమున్న అఱలే తగును.

మఱొకటి: ట్రక్కు విద్యుత్తు 24 వోల్టులు, బస్సు దీపములు 12 వోల్టులు. నడుమ మార్పుపెట్టె లేనిచో దీపములు మాడిపోవును.

కొన్ని రాష్ట్రములు సైన్యపుబండ్లను బాటపై నడుప ననుమతింపవు; కావున కొనకముందే అధికారుల నడుగవలెను. పెక్కుచోట్ల బండియెత్తు పదమూడున్నర అడుగులు మించరాదు. బడి విడిచిన బస్సునకు ఆ పసుపువన్నె మార్చవలెననియు, ‘ఆగుడు’ అను ఎఱ్ఱపలకను మినుకు దీపములను తీసివేయవలెననియు అనేక రాష్ట్రముల శాసనము. ఆ దీపములు వెలిగినచో వెనుకబండ్లవారు బిడ్డలు దిగుచున్నారని ఆగుదురు గదా!