బటన్ ఫోను మాట వాట్సాప్‌కు ఎక్కాలంటే

వ్యవసాయ శాఖ కబురు ఇప్పుడు టముకు మీద రావడం లేదు, వాట్సాప్‌లో వస్తున్నది. యూరియా లారీ ఎప్పుడు దిగుతుంది, సబ్సిడీ విత్తనాలకు ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, పంట నమోదుకు ఆఖరు తేదీ ఏది, మిరపలో కనిపించిన పురుగుకు ఏ మందు కొట్టాలి, ఇవన్నీ గ్రూపులో నాలుగు పంక్తులుగా పడుతున్నాయి. పడగానే రైతులకు తెలియజేసినట్టు లెక్క రాసుకుంటున్నారు. ఆ గ్రూపులో వున్నదెవరు? పెద్ద ఫోనూ, దానిలో నెలనెలా నెట్ వేయించుకునే డబ్బూ, వచ్చిన పంక్తిని చదువుకునే చదువూ వున్నవాళ్లు. పురుగుమందుల దుకాణదారు వున్నాడు, కమీషన్ వ్యాపారి వున్నాడు, పొలం కౌలుకిచ్చి పట్నంలో కాపురముంటున్న ఆసామీ కూడా వున్నాడు. ఆ పొలం దున్నుతున్న కౌలుదారు లేడు. మగవాళ్లు వలసపోతే సేద్యం నెత్తిన వేసుకున్న ఆడమనిషి లేదు. వాళ్ల చేతిలో వున్నది బటన్ ఫోను.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, స్త్రీలలో 59 శాతం. పల్లెల్లో అంతకంటే తక్కువ. అక్షరాస్యులని రాసుకున్నవాళ్లలో సంతకం దగ్గరే ఆగిపోయినవాళ్లు ఎందరో ఆ లెక్కలు చెప్పవు. కానీ వీళ్లలో మాట రానివాళ్లు లేరు. పంటకు వచ్చిన తెగులు గురించి అడిగి చూడండి. ఏ వారం మొదలైంది, చేనులో ఏ మూల నుంచి పాకింది, పక్క చేనువాడు ఏం కొట్టాడు, అంతా గుక్కతిప్పుకోకుండా చెబుతారు. రాతలో బతికే ఆఫీసుకూ, మాటలో బతికే రైతుకూ మధ్య ఒక గోడ వున్నది. ఈ గోడకు ద్వారం పెట్టగల యంత్రం గురించి ఈసారి మా పాఠకులతో మాట్లాడదలిచాం.

ఆ యంత్రం చేసే పని చెప్పుకోవడం తేలిక. రైతు బటన్ ఫోను నుంచి ఒక నంబరుకు ఫోన్ చేసి తన బాధ చెబుతాడు. అవతల వున్న కంప్యూటరు ఆ మాటను విని తెలుగు అక్షరాల్లో రాస్తుంది. అది వ్యవసాయాధికారి వాట్సాప్‌లో మామూలు మెసేజీలాగే వచ్చి పడుతుంది. ఆయన వీలు చూసుకుని జవాబు టైపు చేస్తాడు. కంప్యూటరు ఆ జవాబును మళ్లీ గొంతుగా మార్చి, రైతు ఫోను మోగించి, చదివి వినిపిస్తుంది. రైతు నెట్ కొననక్కర లేదు, అధికారి పొద్దస్తమానం ఫోను చెవికి పెట్టుకొని కూర్చోనక్కర లేదు. ఇందులో నోరు సంగతి పాత విద్యే. 1939లోనే న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో బెల్ లేబొరేటరీస్ వారు మీటలు నొక్కి మాట్లాడించే యంత్రాన్ని జనానికి చూపించారు. చెవి సంగతే కష్టం. విన్నది విన్నట్టు రాయడం దగ్గరే చిక్కంతా వున్నది.

మిరప రైతులందరికీ తెలిసిన సంగతి ఒకటి తీసుకుందాం. ఆకు అంచులు పైకి ముడుచుకొని దోనెలాగా అయితే దాన్ని పై ముడత అంటాం. అది తామర పురుగు పని. ఆకు కిందికి ముడుచుకొని తిరగేసిన దోనెలాగా అయితే కింది ముడత. అది నల్లి పని. తామర పురుగు ఆరు కాళ్ల కీటకం. నల్లి ఎనిమిది కాళ్లది, సాలెపురుగు వర్గానిది. ఒకదాన్ని చంపే మందుల్లో చాలావాటికి రెండోది చావదు. పైగా నల్లి వున్న తోటలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే, నల్లిని తినే మిత్ర పురుగులు చచ్చి నల్లి ఇంకా రెచ్చిపోతుంది. ఇప్పుడు చెప్పండి. రైతు ఫోనులో "కింది ముడత వచ్చిందయ్యా" అంటే, ట్రాక్టరు రొదలో "కింది" అన్న ముక్క కొట్టుకుపోయి "ముడత వచ్చింది" అని మాత్రమే అధికారి ఫోనులో పడితే ఆయన ఏం రాస్తాడు? "నల్లి" అన్న మాట "నల్ల" అని పడితే? నల్ల తామర పురుగనుకొని దానికి మందు రాస్తాడు. ఒక్క గుడి జారిపోయినందుకు రైతుకు మందు డబ్బా ఖర్చు, స్ప్రేయరు కూలి, పోయిన కాపు. 2021-22లో గుంటూరు, ఖమ్మం వైపు మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడ్డప్పుడు రైతులు ఏ మందు కొట్టాలో తెలియక, ఎవరేం చెబితే అది, రెండు మూడు కలిపి మరీ కొట్టారు. పూత నిలవలేదు, అప్పు నిలిచింది. అటువంటి రోజుల్లో సరైన సలహా ఎంత విలువైనదో, తప్పు సలహా అంత ప్రమాదం.

యంత్రానికి వినికిడి కష్టం కావడానికి కారణాలు లేకపోలేదు. మామూలు టెలిఫోను మన గొంతును మొత్తంగా మోయదు. సెకనుకు సుమారు 300 నుంచి 3400 కంపనాల మధ్య వున్న ధ్వనులను వుంచుకొని మిగతావి కోసేస్తుంది. స, శ, ఫ వంటి ధ్వనుల్లో తేడా చెప్పే భాగం చాలావరకు ఆ కోసేసిన దాంట్లోనే పోతుంది. మనిషి చెవి అలవాటు కొద్దీ, సందర్భం కొద్దీ ఆ లోటు పూరించుకుంటుంది. ఫోనులో కొత్త పేరు చెప్పినప్పుడు రెండుసార్లు చెప్పించుకోవడం అందుకే.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ఈ యంత్రాలకు చెవి నేర్పడానికి వేల గంటల మాటలు కావాలి. ఎవరి మాటలు? వార్తలు చదివేవాళ్ల తెలుగూ, పుస్తకం చూసి చదివే చదువుకున్నవాళ్ల తెలుగూ సులువుగా దొరుకుతాయి. వాటితో పెరిగిన యంత్రానికి "వేరుశనగ" తెలుస్తుంది. అనంతపురం రైతు "బుడ్డలు" అంటే, తెలంగాణ రైతు "పల్లికాయ" అంటే అది తికమకపడుతుంది. మొక్కజొన్న కొన్నిచోట్ల మక్కలు. కోస్తాలో భూమి లెక్క సెంట్లలో, ఎకరానికి నూరు. తెలంగాణలో గుంటల్లో, ఎకరానికి నలభై. "పది గుంటలు" అంటే పావెకరమని తెలియని యంత్రం, తెలియని అధికారి కలిస్తే మందు మోతాదు ఏమవుతుంది? యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలే, డీఏపీ బస్తా 50 కిలోలు. "ఒక బస్తా" అన్న మాట దగ్గరే లెక్క మారిపోతుంది. ముప్పావు లీటరు ముప్పై లీటర్లయిందంటే చెప్పనక్కర లేదు.

అధికారి రాసినదాన్ని చదివి వినిపించడంలోనూ తిప్పలు తక్కువేం కాదు. "2-3 మి.లీ." అని ఆయన రాస్తే యంత్రం దాన్ని "రెండు నుంచి మూడు మిల్లీలీటర్లు" అని చదవాలి. "రెండు మైనస్ మూడు మి లీ" అని చదివితే వినేవాడికి ఏమర్థమవుతుంది? ఇక మన ఆఫీసుల అలవాటు ఒకటుంది, సర్క్యులర్‌ను ఫోటో తీసి గ్రూపులో పడేయడం. అది అక్షరాలు కావు, బొమ్మ. ముందు ఆ బొమ్మలోని అక్షరాలు ఏరుకుంటే తప్ప చదివే యంత్రం దగ్గర దానికి గొంతు లేదు. సీలు ముద్ర కింద నలిగిన అక్షరాలను ఏరుకోవడం మనిషికే కష్టం.

అయితే ఇది జరగని పని అని మేము అనడం లేదు. గుజరాత్‌లో ఒక ప్రయత్నం జరిగింది. 2009లో డెవలప్‌మెంట్ సపోర్ట్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థ, కొందరు పరిశోధకులతో కలిసి "ఆవాజ్ ఒటలో" అన్న ఫోను సర్వీసును 51 మంది రైతులతో ఏడు నెలలు నడిపింది. ఒటలో అంటే మన ఇంటి ముందరి అరుగు. రైతు ఫోన్ చేసి ప్రశ్న రికార్డు చేస్తాడు, తెలిసినవాళ్లు జవాబు రికార్డు చేస్తారు, మిగతావాళ్లు ఫోన్ చేసి రెండూ వింటారు. అన్నిటికంటే ఎక్కువగా వాడింది ఈ ప్రశ్నలూ జవాబుల అరుగునే. ఆ పరిశోధకులే మరో సంగతి కనుక్కున్నారు. నోటితో చెబితే వినే యంత్రం కంటే, అంకె నొక్కితే పనిచేసే యంత్రంతో రైతులు తమ పని బాగా పూర్తిచేసుకున్నారు. తర్వాత 2012లో వెలువరించిన పరిశీలన మరీ గమనించదగ్గది. సలహా శాస్త్రవేత్త గొంతులో వస్తేనే తమకు నమ్మకమని రైతులు పైకి అన్నా, తోటి రైతు గొంతులో వచ్చిన సలహా విన్నప్పుడే ఎక్కువగా తిరిగి ఫోన్ చేశారు.

ఇందులో మనం నేర్చుకోవలసింది వుంది. యంత్రం విన్నది విన్నట్టే అధికారికి పంపెయ్యకూడదు. ముందు రైతుకే తిరిగి వినిపించాలి. "మీరు చెప్పింది కింది ముడత. అవునంటే ఒకటి నొక్కండి, కాదంటే రెండు నొక్కండి." బటన్ ఫోనులో బటన్లున్నది అందుకే గదా! మెసేజీతో పాటు రైతు గొంతు రికార్డు కూడా అధికారికి చేరాలి. అనుమానం వస్తే ఆయన చెవితో వినుకుంటాడు. మోతాదులు చెప్పేటప్పుడు అంకెలు నిదానంగా, రెండుసార్లు చదవాలి. ఇవేమీ బ్రహ్మవిద్యలు కావు.

యంత్రం చెవిని నమ్మకుండా మనుషుల్నే మధ్యలో పెట్టుకున్న దాఖలా ఛత్తీస్‌గఢ్‌లో వుంది. 2010లో శుభ్రాంశు చౌధురి అనే జర్నలిస్టు మొదలుపెట్టిన "సీజీనెట్ స్వర"లో ఆదివాసులు హిందీలో, గోండీలో ఫోన్ చేసి తమ ఊరి సంగతి రికార్డు చేసేవారు. ఉపాధి కూలి అందలేదనీ, చేతిపంపు చెడిపోయిందనీ, రేషన్ రాలేదనీ. దాన్ని విలేకరులు విని, సరిచూసి, రాసి ఇంటర్నెట్‌లో పెట్టేవారు. బాధ్యత గల అధికారి ఫోను నంబరు కూడా అందులోనే వుండేది. పట్నంలో చదివినవాళ్లు ఆ అధికారికి ఫోన్లు చేసి నిలదీసేవారు. మాట రాతగా మారడంతో పని ఆగలేదు, ఆ రాత ఎవరి బల్ల మీద పడాలో వాళ్ల బల్ల మీద పడింది. 2011 జనవరిలో ఈజిప్టు ప్రభుత్వం ఉద్యమకారుల మీద కోపంతో దేశమంతా ఇంటర్నెట్ కోసేసినప్పుడు కూడా మామూలు ఫోన్లే ఆదుకున్నాయి. గూగుల్, ట్విట్టర్ ఇంజనీర్లు కొన్ని నంబర్లు ఇచ్చారు. జనం వాటికి చేసిన కాల్స్ ట్విట్టర్‌లోకి ఎక్కాయి. ఆ అరబీ మాటలను విని రాసిపెట్టింది మాత్రం వాలంటీర్లే.

మన ప్రభుత్వాల సంగతికొస్తే, 2004 జనవరి నుంచి కిసాన్ కాల్ సెంటర్ వుంది. 1800-180-1551 నంబరుకు ఖర్చు లేకుండా ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. మంచిదే. కానీ చేను చూడని మనిషి ఫోనులో చెప్పే జవాబు అది. మన మండలం అధికారి దగ్గరికి ఆ ప్రశ్నతో దారి లేదు. 2023లో కొత్త సరుకు వచ్చింది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్, మైక్రోసాఫ్ట్ తదితరుల సాయంతో వచ్చిన "జుగల్‌బందీ"ని హర్యానాలోని బివాన్ అనే గ్రామంలో ముందుగా ప్రయోగించారు. వాట్సాప్‌లో మాట్లాడితే ప్రభుత్వ పథకాల వివరం సొంత భాషలో చెబుతుంది. అదే ఏడాది సెప్టెంబరులో పీఎం కిసాన్ కోసం "కిసాన్ ఇ-మిత్ర" వచ్చింది. వీటిని మేము తీసిపారెయ్యం. అయితే వీటిలో ఒక తిరకాసు వుంది. మేము అడుగుతున్న యంత్రం ఇద్దరు మనుషుల మధ్య వుండేది. ఇవి వచ్చి అధికారి కుర్చీలోనే కూర్చుంటున్నాయి. "నీకు డబ్బు రాలేదు, ఇ-కేవైసీ పూర్తి కాలేదు" అని యంత్రం మర్యాదగానే చెబుతుంది. "వేలిముద్ర పడడం లేదు తల్లీ, నాటు వేసి వేసి రేఖలు అరిగిపోయాయి" అంటే దాని దగ్గర మందు లేదు. జవాబు చెప్పే బాధ్యత నుంచి మనిషిని తప్పించడానికి యంత్రాన్ని అడ్డం పెట్టుకుంటామంటే రైతాంగం ఒప్పుకోరాదు.

బటన్ ఫోనుకు ఇదంతా కుదరదని చెప్పేవాళ్లకు ఒక్క మాట. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు "యూపీఐ 123 పే" తెచ్చింది. నెట్ లేని ఫోను నుంచి గొంతు విని అంకెలు నొక్కి డబ్బు పంపవచ్చు. రైతు చేతి నుంచి డబ్బు కదలడానికి కుదిరింది, రైతు నోటి నుంచి ప్రశ్న కదలడానికి కుదరదా?

ఖర్చు మాటా చూడాలి. మాటకూ నెట్‌కూ కలిపి ఒకే ప్యాక్ అమ్మడం టెలికాం కంపెనీలకు అలవాటైంది. బటన్ ఫోను వాడేవాడు వాడని నెట్‌కు కూడా డబ్బు కట్టాడు. మాటకూ ఎస్సెమ్మెస్‌కూ మాత్రమే వేరుగా ప్యాక్ ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించవలసి వచ్చింది. అందుచేత రైతు మిస్డ్ కాల్ ఇస్తే యంత్రమే తిరిగి చెయ్యాలి, ఆ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి.

ఇంతకన్నా పెద్ద మెలిక నంబరు దగ్గర వుంది. ప్రభుత్వ రికార్డుల్లో పొలానికి జతచేసిన ఫోను నంబరు పట్టాదారుది. తెలంగాణలో 2018లో రైతుబంధు పెట్టినప్పుడు కౌలుదారులను బయటే వుంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలలకే, అదీ భూయజమాని సంతకం పెడితేనే. పట్టాదారు నంబరు నుంచి వచ్చిన కాల్‌కే యంత్రం జవాబు చెబుతుందని నియమం పెట్టారంటే, గోడకు ద్వారం పెట్టి తాళం ఆసామీ చేతికిచ్చినట్టే. దున్నేవాడు ఏ ఫోను నుంచి చేసినా, అరువు తెచ్చుకున్న ఫోను నుంచి చేసినా, యంత్రం వినాలి. ఇక రైతుల గొంతులు వేల గంటలు జమ అయ్యాక అవి ఎవరి సొత్తు? రేపు వాటిని విని ఏ ఊళ్లో ఏ పురుగు పడిందో ముందుగా తెలుసుకొని సరుకు దించేది పురుగుమందుల కంపెనీ అయితే లాభమెవరిది? ఆ రికార్డులు ప్రభుత్వ సంస్థల చేతిలోనే వుండాలి, రైతు ఒప్పుకోనిదే బయటికి పోకూడదు. చెవి నేర్పడానికి మన రైతుల, కూలీల మాటలు ఇచ్చినప్పుడు ఇచ్చినవాళ్లకు కూలి కూడా ముట్టాలి. మాట్లాడడమూ పనే.

రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు ఈ కోర్కెలను మండలాల నుంచే ఎత్తుకోవాలి. ఫోన్ చేసిన ప్రతివాడికీ ఒక వరుస సంఖ్య ఇవ్వాలి. జవాబు రాయవలసిన అధికారి ఎవరో, ఎన్ని రోజుల్లో రాయాలో ముందే చెప్పాలి. తప్పు మందు చెప్పి పంట పోతే యంత్రం మీద తోసెయ్యకుండా నష్టం ఎవరు కట్టాలో కాగితం మీద వుండాలి. మండల వ్యవసాయ కార్యాలయం గోడ మీద యూరియా స్టాకు బోర్డు రాస్తారు గదా, దాని పక్కనే ఇంకో బోర్డు పెట్టమనండి. ఈ వారం ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎన్నిటికి జవాబు వెళ్లింది, వెళ్లనివి ఎవరి దగ్గర ఆగిపోయాయి, ఇవి సుద్దముక్కతో రాసి వుంటే చాలు. చదవగలిగినవాళ్లు చదువుతారు. చదవలేనివాళ్ల కోసం అదే నంబరుకు ఫోన్ చేస్తే ఆ బోర్డును కూడా యంత్రం చదివి వినిపించాలి.