క్లోమములోని రాళ్లకు వంటయిల్లే కారణమా?

బిడ్డకు కడుపునొప్పి వచ్చినచో “ఏమి వండిపెట్టితివి?” అను ప్రశ్న తల్లికే ముందుగా వచ్చును. క్లోమములో రాళ్లు కట్టు వ్యాధి యొకటి కలదు. చిన్నతనముననే శూల పుట్టి వీపునకు పొడుచును. పోనుపోను మధుమేహమును దాపురించును. ఇది దక్షిణదేశమున, ముఖ్యముగా కేరళమున, విరివిగా కానవచ్చుటచే కర్రపెండలమో, బలములేని తిండియో దీనికి మూలమని వైద్యులు చాలకాలము తలచిరి. నింద వంటయింటి గడప దాటలేదు.

మనము తిను పప్పు, పాలు మున్నగువానిలోని మాంసకృత్తులను తునుకలు చేయు ట్రిప్సిన్ క్లోమముననే పుట్టును. కాని పుట్టినపుడది ఒరలోని కత్తి. ప్రేవులలోనికి చేరిన పిదప మరియొక ఎంజైము దాని కొనను కొంత తెంపగా పదునెక్కును. ఆ కోత క్లోమములోనే జరిగినచో కత్తి తన యింటినే కోయును. అట్టి అకాలపు కోత కోయగలది కెథెప్సిన్-బి. తొందరపడి మేల్కొన్న ట్రిప్సినును పట్టి కట్టివేయు కావలివాడు స్పింక్-1. ఈ మూటికిని మూడు జన్యువులు కలవు.

నెత్తుటిబొట్టులో జన్యువులను చదువుట మన యూరికి క్రొత్త కాదు. ఆబిడ్సులో బట్టలు కొని మొజంజాహి మార్కెట్టుకు నడచినవారు, నాంపల్లిలో కొన్నేండ్లుండి యిప్పుడు ఉప్పలునకు తరలిన డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రము బోర్డును చూచియే యుందురు. మన క్లోమపు కథ మాత్రము ఉప్పలు రోడ్డుననున్న సి.సి.ఎం.బి.లో నడచినది. అచటి గిరిరాజ్ చందక్ గారు, జీర్ణకోశ వైద్యులగు డి. నాగేశ్వరరెడ్డి గారు మున్నగువారు రోగుల డి.ఎన్.ఏ.ను ఆరోగ్యవంతులదానితో పోల్చి చూచిరి. పాశ్చాత్య కుటుంబములలో వంశపారంపర్యముగా వచ్చు క్లోమవ్యాధికి 7వ క్రోమోజోముమీది ట్రిప్సినోజను జన్యువే దోషియని 1996లో తేలియుండెను. వీరును దానిని వెదకిరి, దోషమచట లేదు. 5వ క్రోమోజోముమీది స్పింక్-1లో చిక్కినది. ఆ సంగతి 2002లో ప్రకటించిరి. 2006లో 8వ క్రోమోజోముమీది కెథెప్సిన్-బి జన్యువులో ఒక యక్షరపు మార్పు రోగులలో హెచ్చుగా నున్నదనియు చూపిరి.

తిండికి బొత్తిగా సంబంధము లేదని దీని యర్థము కాదు. ఈ మార్పులు గల ఆరోగ్యవంతులును కలరు. అయితే జన్యువు తండ్రినుండియు వచ్చును. అత్తగారలు ఈ వాక్యమును రెండుమారులు చదువవలెను!

శూలతో మెలికలు తిరుగు బిడ్డకు పసరులు పోయుచు కాలహరణము చేయక క్లోమమును పరీక్ష చేయింపుడు. నేడు వైద్యులు భోజనముతో ఎంజైము మాత్రలను, చక్కెర పెరిగినచో ఇన్సులినును ఇచ్చుచున్నారు. కోతలేకుండ, వెలుపలినుండి తరంగములు పంపి రాళ్లను నలుగగొట్టుచున్నారు.