ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరుకు ఎలా చేరింది?

2026 ఏప్రిల్ 26కి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్ళు. మన బడి పిల్లల్లో పైచదువులకు విశాఖ వెళ్ళేవాళ్ళు ఉన్నారు, కాబట్టి ఆ పేరు ఇక్కడి ఇళ్ళకు కొత్త కాదు. అయితే అది విశాఖలో పుట్టలేదనీ, మొదటి నాలుగేళ్ళు బెజవాడలో ఉండేదనీ చాలామంది పెద్దవాళ్ళకు కూడా తెలియదు. అది ఊరు మారిన కథలో మన గంజాం ఉంది, జయపురం కూడా ఉంది. అందుకే ఈసారి ఆ సంగతి రాస్తున్నాం.

1926కి ముందు తెలుగు జిల్లాల కాలేజీలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. రాజమండ్రి ప్రభుత్వ కాలేజీ, విజయనగరం మహారాజా కాలేజీ, మచిలీపట్నం నోబుల్ కాలేజీ, కాకినాడ పి.ఆర్. కాలేజీ, గుంటూరు క్రైస్తవ కాలేజీ అన్నీ అంతే. మన బరంపురం ఖల్లికోట కాలేజీ కూడా అంతే. అప్పట్లో గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. ఇక్కడి కుర్రవాడు బి.ఏ. దాటి చదవాలంటే మద్రాసు దాకా పోవలసిందే. తెలుగువాళ్ళకు సొంత విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక ఆంధ్రోద్యమంతో పాటే పెరిగింది. చివరికి మద్రాసు శాసనసభ చట్టం చేసింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి ఉపాధ్యక్షులయ్యారు. ఇప్పుడు మనం వైస్ ఛాన్సలర్ అంటున్నామే, ఆ పదవి.

విశ్వవిద్యాలయం వచ్చింది సరే, ఎక్కడ పెట్టాలి? అసలు తగాదా అక్కడ మొదలైంది.

రాజమండ్రి వాళ్ళు మా ఊళ్ళోనే పెట్టాలన్నారు. నన్నయ భారతం రాసిన ఊరు, వీరేశలింగం గారి ఊరు, పాత కాలేజీ ఉన్న ఊరు, వాళ్ళ మాటలో బలం ఉంది. బెజవాడ వాళ్ళేమో అన్ని వైపుల రైళ్ళూ మా దగ్గరే కలుస్తాయన్నారు. రాయలసీమ వాళ్ళు అనంతపురం అడిగారు. విశాఖపట్నం వాళ్ళు వాల్తేరు అన్నారు. పత్రికల్లో, సభల్లో, శాసనసభలో ఇదే చర్చ. ఊరి మీద అభిమానం ఎవరికి ఉండదు? కానీ ఇక్కడ అభిమానం ఒక్కటే పనిచెయ్యలేదు. విశ్వవిద్యాలయం చెయ్యబోయే పని ఏమిటన్నది కూడా చూడాలి.

ఈ తేడా పిల్లలకు కొంచెం వివరంగా చెప్పాలి. పరీక్షలు పెట్టి, పట్టాలు ఇచ్చి, కాలేజీలను తన కింద ఉంచుకునే విశ్వవిద్యాలయం ఒక రకం. దానికి ఒక ఆఫీసు, గుమాస్తాలు, మంచి పోస్టాఫీసు, రైలు స్టేషను ఉంటే చాలు. ఆ పనికి బెజవాడ బాగా సరిపోతుంది. తనే తరగతులు నడిపి, లేబరేటరీలు కట్టి, విద్యార్థులకు హాస్టళ్ళు పెట్టేది రెండో రకం. దానికి విశాలమైన భూమి, ఇంకా పెరగడానికి చోటు, ఒంటికి పడే గాలీ నీరూ కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం రెండో రకంగా ఎదగాలని రామలింగారెడ్డి గారి పట్టు. బెజవాడ ఎండల సంగతి వేరే చెప్పాలా! ఆ ఊరిని ‘బ్లేజ్‌వాడ’ అని వెక్కిరించడం అప్పటి నుంచీ ఉంది. వేసవిలో అక్కడ రైలు మారినవాళ్ళు ఆ పేరు ఎందుకొచ్చిందని అడగరు.

వాల్తేరు అప్పటికి విశాఖపట్నం పక్కన ఎత్తు మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న పలచని పేట. ఎర్రనేల, ఖాళీ జాగా, చల్లగాలి. పక్కనే పట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీ ఉంది, 1923లో మొదలైన వైద్య కళాశాల ఉంది. రేవు కడుతున్నారు, అది 1933లో తెరుచుకుంది. కలకత్తా నుంచి మద్రాసు పోయే రైలు దారి వాల్తేరు మీదుగానే పోతుంది.

ఇప్పటి పటం చూసి కొందరు అడుగుతారు: వాల్తేరు ఒక మూలకు ఉంది కదా, అక్కడెలా పెట్టారు అని. 1930 నాటి పటం చూడాలి మరి. అప్పుడు ఉత్తరపు కొస శ్రీకాకుళం కాదు, మన గంజాం. పడమట జయపురం జమీందారీ అంతా విశాఖపట్నం జిల్లాలోదే. బరంపురం నుంచి వాల్తేరుకు రైలులో సుమారు 280 కిలోమీటర్లు. బెజవాడ వెళ్ళాలంటే ఇంకో 350. అంటే మన వైపు వాళ్ళకు వాల్తేరు మూల కాదు, దగ్గరి ఊరు.

చట్టం సవరించి, 1930 సెప్టెంబరులో విశ్వవిద్యాలయాన్ని బెజవాడ నుంచి వాల్తేరుకు మార్చారు. కొద్దికాలానికే రామలింగారెడ్డి గారు సత్యాగ్రహుల మీద ప్రభుత్వం చేసిన దమనకాండకు నిరసనగా పదవి వదిలేశారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. ఆ ఏడే అక్కడ సొంత తరగతులు మొదలయ్యాయి. 1936లో రెడ్డి గారు మళ్ళీ తిరిగొచ్చి 1949 దాకా ఉన్నారు.

భూమి దొరికితే సరిపోదు, డబ్బు కావాలి. ఇక్కడే జయపురం మాట వస్తుంది. మహారాజా విక్రమదేవ్ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల లక్ష! అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఆయన ఒడియా, తెలుగు, సంస్కృతం మూడింట్లోనూ పండితులు. భాషల మధ్య గోడలు కట్టేవాళ్ళకు ఆయన్ని ఒకసారి గుర్తుచెయ్యాలనిపిస్తుంది. జయపురంలో ఆయన పేరు మీద ఉన్న విద్యాసంస్థ మన కొరాపుట్ వైపు తల్లిదండ్రులకు తెలిసినదే.

ఇంతవరకూ చెప్పింది మనకు కలిసొచ్చిన వైపు. రెండో వైపు కూడా చెప్పాలి. అనంతపురం, కడప, కర్నూలు వాళ్ళకు ఈ నిర్ణయం మింగుడుపడలేదు. నిజాం 1800లో ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేసిన జిల్లాలు కాబట్టి వాటిని దత్త మండలాలు అనేవారు, 1928 నుంచి రాయలసీమ అన్న పేరు వచ్చింది. అనంతపురం నుంచి వాల్తేరుకు పోవడం కన్నా మద్రాసుకు పోవడమే వాళ్ళకు దగ్గర. అక్కడి కాలేజీలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండిపోయాయి. రామలింగారెడ్డి గారు స్వయంగా చిత్తూరు వైపు మనిషి అయినా ఆ లోటు తీరలేదు. కోస్తా వాళ్ళను నమ్మేదెలా అన్న ప్రశ్న అక్కడ బలపడింది. 1937 నవంబరులో మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో కూడా విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలన్న మాట చేర్చవలసి వచ్చింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం 1981లో గానీ రాలేదు. ఒక ఊరు అడిగినది దొరకడానికి యాభై ఏళ్ళు పట్టిందన్నమాట.

వాల్తేరుకూ ఒక కష్టకాలం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఏ సముద్రాన్ని, ఏ రేవును చూసి ఆ చోటు మంచిదన్నారో, యుద్ధంలో అవే ప్రమాదమయ్యాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయి, 1946లో వాల్తేరుకు తిరిగి వచ్చింది.

మన సంగతికొస్తే, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి గంజాంలో ఎక్కువ భాగం, జయపురం ఇటు వచ్చేశాయి. సరిహద్దు మారినా చదువు దారి వెంటనే మారలేదు. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఖల్లికోట కాలేజీకి వాల్తేరుతోనే సంబంధం. బరంపురం విశ్వవిద్యాలయం 1967లో పుట్టింది.

ఆ మధ్య కాలంలో ఖల్లికోటలో చదివినవాళ్ళ పట్టాలు మన ఇళ్ళల్లో ట్రంకుపెట్టెల అడుగున ఇంకా ఉండొచ్చు. ముత్తాతగారిదో, ఆయన అన్నదమ్ములదో ఆంధ్ర విశ్వవిద్యాలయం పేరున్న కాగితం కనిపిస్తే మడత జాగ్రత్తగా విప్పి, ఫొటో తీసి, మీ తరగతి టీచరు గారికి చూపించండి. అసలు కాగితం మాత్రం బడికి తేవద్దు.