ఆసక్తి ఒకవైపు, ఉపాధి మరొకవైపు: సూరత్ తెలుగు విద్యార్థుల ముందున్న ప్రశ్న

సూరత్: పదవ తరగతి, పన్నెండవ తరగతి ఫలితాలు వెలువడే వేసవిలో సూరత్ నగరంలోని లింబాయత్, ఉధనా ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఏటా ఒకే చర్చ సాగుతుంది. పిల్లలను ఏ చదువులో చేర్పించాలి? వారికి ఇష్టమైన దానిలోనా, ఉద్యోగం దొరుకుతుందని నలుగురూ చెప్పే దానిలోనా? మరమగ్గంపై పన్నెండు గంటల షిఫ్టు పనిచేసి, మీటర్ల లెక్కన కూలి పొందే కుటుంబానికి ఇది తీరికవేళ వేసుకునే ప్రశ్న కాదు. నాలుగేళ్ల ఫీజును ఆ కుటుంబం ఒక్కసారే కూడబెట్టగలదు. సరిపడని కోర్సులో చేరి మధ్యలో మానుకుంటే, మరొకసారి చేరడానికి సొమ్ము మిగలదు. అందువల్ల ఎంపికలో జరిగే పొరపాటు మూల్యం సంపన్నుల ఇంట ఒక విద్యాసంవత్సరమైతే, కార్మికుని ఇంట ఒక తరం కావచ్చు.

తపతీ తీరాన గల సూరత్‌కు కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి నేత కుటుంబాల వలస కొన్ని దశాబ్దాల క్రితమే ఆరంభమయింది. షోలాపూర్, భివాండీలకు తరలిన పద్మశాలీల మాదిరిగానే వీరు కూడా చేమగ్గం విడిచి మరమగ్గాన్ని చేపట్టారు. కొందరు కార్మికులుగానే ఉండిపోగా, కొందరు సొంత మగ్గాలు పెట్టుకుని ఆసాములయ్యారు. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉండటానికి ఈ వలసే కారణం. అయితే కళాశాలలో తెలుగు మాధ్యమం లేదు. అక్షరాలు తెలుగులో దిద్దిన విద్యార్థి ఉన్నత విద్యకు వచ్చేసరికి గుజరాతీలోకో, హిందీలోకో, ఇంగ్లీషులోకో మారవలసిందే. ఏ కోర్సు అన్న ప్రశ్నకు తోడు ఏ భాషలో అన్న ప్రశ్న కూడా ఇక్కడి తెలుగువారికి అదనపు భారమవుతున్నది.

పదిహేనేళ్లకే తొలి మలుపు

డిగ్రీలో ఏ ప్రధానాంశం తీసుకోవాలన్న నిర్ణయం నిజానికి పదవ తరగతి ముగియగానే సగం జరిగిపోతుంది. గుజరాత్‌లో పదకొండవ తరగతి నుంచి సైన్స్ విభాగం, జనరల్ విభాగం వేరుపడతాయి. సైన్స్‌లో ‘ఎ’ గ్రూపు మన ఎంపీసీ వంటిది. ‘బి’ గ్రూపు బైపీసీ వంటిది. జనరల్ విభాగంలో వాణిజ్యం, కళలు ఉంటాయి. వాణిజ్య విభాగంలో చేరినవారికి బీకాం, బీబీఏ, బీసీఏ వంటివి మిగులుతాయి గాని ఇంజనీరింగ్ ద్వారం మూసుకుపోతుంది. పదిహేనేళ్ల పిల్లలు తమ అభిరుచి ఏమిటో తేల్చుకోకమునుపే ఈ మలుపు దాటవలసి వస్తున్నది. కనుక చర్చ ఆరంభం కావలసింది పన్నెండవ తరగతి ఫలితాల తర్వాత కాదు, తొమ్మిదవ తరగతిలోనే.

సీటు సూరత్‌లోనా, స్వరాష్ట్రంలోనా?

వలస కుటుంబాలు తరచుగా విస్మరించే అంశం మరొకటి ఉన్నది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యాసంస్థలలో 85 శాతం సీట్లు స్థానిక విద్యార్థులకు కేటాయించే విధానం 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ద్వారా ఏర్పడింది. స్థానికతను ప్రధానంగా వరుసగా నాలుగేళ్లు చదివిన ప్రాంతాన్ని బట్టి నిర్ణయిస్తారు. తాతల ఊరు వరంగల్ జిల్లాలో ఉన్నంత మాత్రాన సూరత్‌లో చదివిన విద్యార్థి అక్కడ స్థానికుడు కాడు.

జాతీయ సాంకేతిక విద్యాసంస్థల విషయంలోనూ ఇదే పరిస్థితి. ఈ సంస్థలు సగం సీట్లను తాము ఉన్న రాష్ట్రం వారికి కేటాయిస్తాయి. పన్నెండవ తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణులైతే అదే సొంత రాష్ట్రంగా పరిగణిస్తారు. దీని ప్రకారం, సూరత్‌లో పన్నెండు చదివిన తెలుగు విద్యార్థికి 1959లో ఏర్పడిన వరంగల్ సంస్థలో సొంత రాష్ట్రం కోటా వర్తించదు. 1961లో ఏర్పడిన సూరత్‌లోని సర్దార్ వల్లభభాయ్ జాతీయ సాంకేతిక సంస్థలో వర్తిస్తుంది. ఇది నష్టమని భావించనక్కరలేదు. ఇంటినుంచి వెళ్లివచ్చే దూరంలో ఇంత పేరున్న సంస్థ ఉండటం ఒక అవకాశం. అక్కడ ఇంజనీరింగ్ శాఖలతో పాటు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలలో అయిదేళ్ల సమీకృత ఎమ్మెస్సీ కోర్సులు కూడా ఉన్నాయి. శాస్త్రంపై మక్కువ గల విద్యార్థులు వీటిని పరిశీలించవచ్చు.

కుల ధ్రువీకరణ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో పెరిగిన ఒక తెలుగు విద్యార్థి, ఆంధ్రప్రదేశ్‌లోని తన షెడ్యూల్డ్ తెగ హోదాపై అక్కడ వైద్య కళాశాల సీటు కోరగా, ఆ హోదా మహారాష్ట్రలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మర్రి చంద్రశేఖరరావు కేసుగా న్యాయశాస్త్ర విద్యార్థులందరికీ తెలిసిన తీర్పు ఇదే. వెనుకబడిన తరగతుల జాబితాలు కూడా రాష్ట్రానికొక విధంగా ఉన్నందున, స్వరాష్ట్రంలో ఉన్న రిజర్వేషన్ ఇక్కడ కూడా ఉంటుందని ముందే నమ్మి లెక్కలు వేసుకోవటం ప్రమాదకరం. దరఖాస్తుకు ముందే గుజరాత్ నిబంధనలు తెలుసుకోవటం మేలు.

మిర్చి ధర చెప్పే పాఠం

ఇక అసలు ప్రశ్న: ఉద్యోగావకాశాలను చూసి ప్రధానాంశం ఎంచుకోవచ్చునా? వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే మిర్చి రైతును అడిగితే దీనికి సగం జవాబు దొరుకుతుంది. ఒక ఏడు మిర్చి ధర పెరిగితే మరుసటి ఏడు అందరూ మిర్చి వేస్తారు. అందరి సరుకూ ఒకేసారి మార్కెట్‌కు చేరేసరికి ధర పడిపోతుంది. చదువుల బజారులోనూ జరిగేది ఇదే. అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ ఫ్రీమన్ ఇంజనీర్ల జీతాలను పరిశీలించి 1976లో ఈ సంగతినే వివరించారు. జీతాలు ఎక్కువగా ఉన్నప్పుడు విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఆ కోర్సులో చేరతారు. నాలుగేళ్ల తర్వాత వారందరూ ఒకేసారి బయటకు రాగానే జీతాలు తగ్గుతాయి. అది చూసి తర్వాతి విద్యార్థులు తగ్గుతారు. మళ్లీ కొరత ఏర్పడుతుంది. అర్థశాస్త్రంలో దీనికి సాలెగూడు నమూనా అని పేరు.

తెలుగునాట దీనికి ఉదాహరణలు వెతకనక్కరలేదు. 2000 సంవత్సరం ముందు కంప్యూటర్ కోర్సుల వెంట పరుగెత్తినవారు, 2001లో అమెరికా సాఫ్ట్‌వేర్ రంగం కుంగినప్పుడు ఇబ్బందులపాలయ్యారు. 2008–09 మాంద్యంలోనూ, 2023 తర్వాత ఐటీ సంస్థలు నియామకాలు తగ్గించినప్పుడూ అదే అనుభవం. కంప్యూటర్ చదువు చెడ్డదని దీని అర్థం కాదు. చేరేనాటి ధరను చూసి చేరినవారు, బయటకు వచ్చేనాటి ధరకు అమ్ముకోవలసి వస్తుందని మాత్రమే.

సూరత్ నగరమే సాక్షి

ఒకే వృత్తిపై ఆధారపడటంలో గల ప్రమాదం సూరత్‌కు తెలిసినంతగా మరే నగరానికీ తెలియదేమో. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది ప్రజలు నగరం విడిచి వెళ్లారు. 2006 ఆగస్టులో తపతి వరదలు నగరాన్ని ముంచెత్తాయి. 2016లో నోట్ల రద్దు, 2017లో జీఎస్టీ, 2020లో కోవిడ్ లాక్‌డౌన్ మరమగ్గాలను కుదిపివేశాయి. వజ్రాల రంగానికి 2008లోనూ, 2022 తర్వాతనూ గడ్డుకాలం దాపురించింది. 2023 డిసెంబరులో ఘనంగా ప్రారంభమైన వజ్రాల బోర్స్ భవనం చెంతనే, 2025 మే నెలలో వజ్ర కార్మికుల పిల్లల బడి ఫీజులకు రాష్ట్ర ప్రభుత్వం సాయం ప్రకటించవలసి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో భారతీయ సరుకులపై అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచగా వస్త్ర, వజ్ర ఎగుమతిదారులు మరింత కలవరపడ్డారు.

అయినా నగరం ప్రతిసారీ కోలుకుంది. కోలుకున్నప్పుడల్లా పనితీరు మారింది. పాత షటిల్ మగ్గాల స్థానంలో రేపియర్, వాటర్‌జెట్ మగ్గాలు వచ్చాయి. కండెలు మార్చటం తెలిసినవారితో పాటు ఎలక్ట్రానిక్ నియంత్రణ పరికరాలు బాగుచేయగలవారు, కంప్యూటర్‌పై డిజైన్లు గీయగలవారు, అద్దకం నీటిని శుద్ధి చేయగల రసాయన నిపుణులు, జీఎస్టీ లెక్కలు చూడగలవారు కావలసివచ్చారు. హజీరాలో ఉక్కు, గ్యాస్, ఎరువుల కర్మాగారాలు, కాక్రాపార్‌లో 2023, 2024 సంవత్సరాల్లో వాణిజ్య ఉత్పత్తి ఆరంభించిన రెండు అణువిద్యుత్ యూనిట్లు, అంకలేశ్వర్‌లో రసాయన పరిశ్రమలు కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. బొమ్మలు గీయటం ఇష్టపడే బాలికకు వస్త్ర డిజైన్, రసాయన శాస్త్రం ఇష్టపడే బాలునికి అద్దకం, ప్రాసెసింగ్ రంగం ఇంటి పక్కనే ఉన్నాయన్న మాట. ఆసక్తికీ ఉపాధికీ మధ్య కనిపించే అగాధం చాలా సందర్భాలలో సమాచారం లేకపోవటం వల్లనే ఏర్పడుతున్నది.

నర్మద్ జీవితం చెప్పేది

ఆసక్తినే పూర్తిగా నమ్ముకున్నవారి కథ కూడా సూరత్‌లోనే ఉన్నది. 1833లో ఇక్కడ జన్మించిన గుజరాతీ కవి నర్మద్ 1858లో ఉపాధ్యాయ ఉద్యోగానికి రాజీనామా చేసి, రచనలతోనే జీవించాలని నిశ్చయించుకున్నారు. 1864లో ‘దాండియో’ పత్రిక స్థాపించి సంఘ దురాచారాలపై కలం ఝళిపించారు. 1873లో తన గుజరాతీ నిఘంటువును సంపూర్ణంగా వెలువరించారు. కాని అప్పులు వెన్నాడాయి. ఇరవైనాలుగేళ్ల తర్వాత, 1882లో, మనసొప్పకపోయినా తిరిగి ఉద్యోగంలో చేరవలసివచ్చింది. 1886లో కన్నుమూశారు. 1960 దశకంలో ఆరంభమైన దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం 2004లో ఆయన పేరునే చేర్చుకున్నది.

ఉద్యోగం వదలకుంటే గుజరాతీ భాషకు ఆ నిఘంటువు దక్కేదో లేదో చెప్పలేము. ఆ నిర్ణయానికి ఆయన కుటుంబం చెల్లించిన ధర మాత్రం చిన్నది కాదు. ఇష్టమైనది చదవమని పిల్లలను ప్రోత్సహించేవారు ఆ ధరను దాచకూడదు. జీతమే చూడమని ఒత్తిడి చేసేవారు, ఇష్టంలేని చదువులో వెనుకబడితే అయ్యే ఖర్చును దాచకూడదు.

ఎంపికకు మూడు కొలతలు

ఈ పరిస్థితులలో విద్యార్థులు, తల్లిదండ్రులు కలసి మూడు ప్రశ్నలు వేసుకోవటం మంచిది. మొదటిది, ఆసక్తి ఎంతవరకు నిజం? సెల్‌ఫోన్‌లో ఆటలాడటం కంప్యూటర్ శాస్త్రంపై ఆసక్తి కాజాలదు. ఎవరూ చెప్పకుండా ఏ పుస్తకం తెరుస్తున్నారు, ఏ లెక్క రాకపోయినా విసుగు లేకుండా మళ్లీ చేస్తున్నారు అన్నది చూడాలి. ఆ వృత్తిలో ఉన్నవారి వద్ద సెలవుల్లో కొద్దిరోజులు గడిపితే, రోజంతా చేసే పని ఎటువంటిదో తెలుస్తుంది.

రెండవది, మధ్యలో ఆగవలసివస్తే చేతిలో ఏమి మిగులుతుంది? పదవ తరగతి తర్వాత డిప్లొమాలో చేరినవారు మూడేళ్లకే పనిలో ప్రవేశించవచ్చు. లేదా నేరుగా డిగ్రీ రెండవ సంవత్సరంలో చేరవచ్చు. మజూరా గేట్ వద్ద గల డాక్టర్ ఎస్. అండ్ ఎస్.ఎస్. గాంధీ కళాశాలలో ఇటువంటి డిప్లొమాలు ఉన్నాయి. 2020 నాటి జాతీయ విద్యావిధానం డిగ్రీలో ఒక ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు బహుళ విషయాల డిగ్రీ ఇచ్చే పద్ధతిని సూచించింది. ప్రధానాంశానికి తోడు మరొక ఉపాంశం చదివే వీలు కూడా కల్పించింది. రెండు డిగ్రీలను ఏకకాలంలో చదవటానికి 2022లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం అనుమతించింది.

మూడవది, అప్పు ఎంతవరకు? కోర్సు పూర్తయిన తర్వాత లభించే తొలి జీతంపై ఆశతో కాక, ఆ జీతం ఏడాది ఆలస్యమైనా వాయిదా కట్టగలమా అన్న లెక్కతో రుణం తీసుకోవాలి. గుజరాత్ ప్రభుత్వం 2015లో ప్రవేశపెట్టిన ముఖ్యమంత్రి యువ స్వావలంబన పథకం ప్రతిభతో పాటు కుటుంబ ఆదాయాన్ని ప్రాతిపదికగా తీసుకుంటుంది. రిజర్వేషన్ అందని వలస కుటుంబాలు దీని నిబంధనలను తప్పక పరిశీలించాలి.

పై విషయాలన్నిటినీ కలిపి చూస్తే ఒక సూత్రం తేలుతుంది. బజారు ఏటా మారుతుంది; డిగ్రీని ఏటా మార్చుకోలేము. కాబట్టి నాలుగేళ్ల ప్రధానాంశాన్ని నిలకడగల ఆసక్తి, శక్తి ప్రకారం ఎంచుకుని, ఆరునెలలకో ఏడాదికో పూర్తయ్యే అదనపు నైపుణ్యాన్ని బజారు ప్రకారం చేర్చుకోవటం ఉత్తమం. చరిత్ర చదివే విద్యార్థి లెక్కల పద్దులు నేర్చుకోవచ్చు. భౌతికశాస్త్రం చదివే విద్యార్థిని వాటర్‌జెట్ మగ్గం ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవచ్చు. నాలుగేళ్లు ఆగలేని ఇళ్లలో ఈ వరుసను తిరగవేసి, డిప్లొమాతో ముందు ఉపాధి, తర్వాత ఇష్టమైన డిగ్రీ అనుకోవటంలో చిన్నతనమేమీ లేదు.

ఈ భారాన్నంతా పదిహేనేళ్ల పిల్లలపై, అక్షరజ్ఞానం అంతంతమాత్రమైన తల్లిదండ్రులపై వదిలివేయటం న్యాయం కాదు. తెలుగు పాఠశాలలు నడుపుతున్న నగరపాలక సంస్థ, సూరత్‌లోని తెలుగు సంఘాలు ఏటా ఫలితాలకు ముందే, తెలుగులోనే, కోర్సుల గురించీ కోటాల గురించీ వివరించే సమావేశాలు జరపాలి. పండుగలకు పందిళ్లు వేయగల సంఘాలకు ఇది మించిన పని కాదు. పడుగు సరిచూసుకోకుండా పేక వేయకూడదని ఈ తల్లిదండ్రులకు ఎవరూ నేర్పనవసరం లేదు. పిల్లల చదువులోనూ ఆ సరిచూపుకు కావలసిన సమాచారం సకాలంలో అందితే చాలు.