మట్టికి అన్నం పెట్టిన విద్యార్థులు

పిల్లలూ! మీకు అన్నం పెట్టేది ఎవరు? "అమ్మ" అంటారు మీరు. అమ్మకు బియ్యం, కూరలు ఇచ్చేది రైతు. రైతుకు ఇచ్చేది నేల. బాగానే ఉన్నది. మరి ఆ నేలకు అన్నం పెట్టేది ఎవరు? ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఆ పని చేశారు. ఆ సంగతి చెబుతాను, వినండి.

అమెరికా దేశపు పడమటి తీరాన, కాలిఫోర్నియా రాష్ట్రంలో, సాంతాక్రూజ్ అనే ఊరున్నది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 1965లో అక్కడ ఒక కొత్త విద్యాలయం తెరిచారు. రెండేళ్ళ తరువాత, విద్యార్థుల కోసం ఒక తోట వేయడానికి ఆలన్ చాడ్విక్ అనే ఇంగ్లీషు తోటమాలి వచ్చాడు. ఆయన ఒకప్పుడు షేక్స్‌పియర్ నాటకాలలో వేషాలు వేసినవాడు!

ఆయన ఎన్నుకున్న చోటు బాగా ఏటవాలుగా ఉన్న ఒక కొండ పక్క. అంతా రాళ్ళూ, పొదలూ, సారం లేని మట్టీ. ఆయన పార పట్టుకుని పనిలోకి దిగాడు. అది చూసి విద్యార్థులు కూడా వచ్చి చేయి కలిపారు. ట్రాక్టరు లేదు, రసాయనపు ఎరువు లేదు, పురుగుమందు లేదు.

మరి వాళ్ళేం చేశారు? మడిలో అడుగు లోతు మట్టి తీసి పక్కన పెట్టారు. దాని కింద ఉన్న గట్టి మట్టిని మరొక అడుగు లోతు గుల్ల చేశారు. తరువాత పైమట్టికి కంపోస్టు కలిపి తిరిగి పైనే వేశారు. ఇలా చేస్తే వేళ్ళు తిన్నగా కిందికి దిగుతాయి. కనుక మొక్కలను దగ్గర దగ్గరగా నాటవచ్చు. వాటి ఆకుల నీడ నేల తడి ఆరిపోకుండా కాపాడుతుంది.

కంపోస్టు అంటే మరేమీ కాదు. ఎండుటాకులు, పచ్చిగడ్డి, పేడ, వంటింటి చెత్త కలిపి పేర్చిన కుప్ప. కంటికి కనిపించని సూక్ష్మజీవులు దానిని తిని నల్లని ఎరువుగా మారుస్తాయి. అవి పనిచేసేటప్పుడు కుప్ప లోపల వేడిగా ఉంటుంది. నేలకు అన్నం ఇదే! ఈ విద్య మనకు పరాయిది కాదు. ఆల్బర్ట్ హోవర్డ్ అనే శాస్త్రజ్ఞుడు 1924 నుంచి 1931 వరకు ఇండోరులో పనిచేశాడు. మన రైతుల అలవాట్లు చూసి నేర్చుకుని, కంపోస్టు పద్ధతిని లోకానికి చాటాడు. దానికి ఇండోర్ పద్ధతి అనే పేరు వచ్చింది.

కొద్ది ఏళ్ళలో ఆ కొండ పక్క పూలతో, కూరలతో నిండిపోయింది. 1971లో విద్యాలయం ఆవరణలోనే ఒక పొలం కూడా మొదలుపెట్టారు. అది ఇప్పుడు సుమారు 30 ఎకరాలు. అక్కడ పండిన కూరలు విద్యార్థుల భోజనశాలలకు వెళుతున్నాయి. ఎండలో కలుపు తీసినవాడు కంచంలో కూర పారవేస్తాడా?

ఇందులో కష్టం లేదనను. కలుపు చేత్తో తీయాలి. పురుగును రోజూ కనిపెట్టి ఉండాలి. కొన్ని పంటలలో దిగుబడి తగ్గనూవచ్చు. అందుకే చదువుకునే చోట ఇటువంటి పొలం ఉండాలి. విద్యార్థి పొరపాటు చేస్తే ఒక మడి పోతుంది, పాఠం మిగులుతుంది. అదే పొరపాటు రైతు చేస్తే ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి పోతుంది!

మీరూ ఒక పరీక్ష చేయండి. రెండు కుండీలు తీసుకోండి. ఒకదానిలో వట్టి మట్టి, రెండవదానిలో సగం మట్టి, సగం కంపోస్టు నింపండి. రెంటిలోనూ మెంతులు చల్లి, సమంగా నీళ్ళు పోయండి. ఏ కుండీలో తడి ఎక్కువసేపు నిలుస్తున్నదో రోజూ రాసుకోండి. పదిహేను రోజుల తరువాత మొక్కలను పోల్చి చూడండి. జవాబు నేను చెప్పను. మెంతిమొక్కలే చెబుతాయి!