డి.జె. విద్య: పాత పాటనుండి క్రొత్త పాట

డి.జె. అను మాట మన కొండ గ్రామములకును వచ్చియున్నది. పెండ్లి ఊరేగింపులలో బండిపై నెక్కించిన పెద్ద శబ్దపు పెట్టెలనే మన విద్యార్థులు డి.జె. యని పిలుచుచున్నారు. నిజమునకు ఆ మాట పెట్టెకు గాక మనుష్యునకు చెల్లును. డిస్క్ జాకీ యను ఆంగ్లపదముల మొదటి అక్షరములే డి.జె.; అనగా గ్రామఫోను రికార్డులను ఏరి, వరుసగా వినిపించువాడు. వినిపించువాడు కాలక్రమమున పాటలు కూర్చువాడెట్లయ్యెనో, ఆ సంగీతమున ఒక తెలుగింటి ఆడుబిడ్డ ఎట్లు పేరు గాంచెనో, అందువలన మనము నేర్వదగిన దేమియో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

అమెరికాదేశమున న్యూయార్కు నగరములో బ్రాంక్సు అను భాగము కలదు. జమైకా ద్వీపమున జన్మించిన క్లైవ్ క్యాంప్‌బెల్ 1967లో అచటికి చేరెను. 1973 ఆగష్టు 11వ తేదీన ఇతని చెల్లెలు సిండీ, బడి తెరచులోగా క్రొత్త బట్టలు కొనుటకు సొమ్ము కావలసి, తాము నివసించు భవనములో రుసుము పెట్టి ఒక వినోద కూటము నేర్పరచెను. అన్న రికార్డులు వినిపించెను. పాట ఆగి వాద్యముల దరువు మాత్రమే వినవచ్చు భాగమునకై నాట్యమాడువారు కాచుకొని యుండుట అతడు గమనించెను. ఆ భాగము కొన్ని క్షణములలో ముగియును. కావున అతడు ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు యంత్రములపై నుంచి, ఒకదానిపై దరువు ముగియగనే రెండవదానిపై అదే దరువును మొదలిడి, ఈలోగా మొదటిదానిని వెనుకకు త్రిప్పు పద్ధతిని కనిపెట్టెను. ఇట్లు కొన్ని క్షణముల దరువు కోరినంతసేపు సాగెను. హిప్-హాప్ అను సంగీతమునకు ఇదియే పునాది. ఇతనిని లోకము కూల్ హెర్క్ అని యెరుగును.

ఆ పేటలోనే జోసెఫ్ శాడ్లర్ అను మరియొక యువకుడు వృత్తి విద్యాలయమున విద్యుత్ పరికరముల విద్య నభ్యసించెను. దరువు మొదలగు చోటు తెలియుటకు రికార్డుపై రంగుబలపముతో గురుతు పెట్టెను. రెండవ రికార్డును తాను ముందుగా చెవిలో విని సరిచూచుకొను ఏర్పాటును చేసికొనెను. ఇతడే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. బడిలో నేర్చిన చేతిపని ఏ విద్యకు తోడగునో ముందుగా చెప్పుట ఎవరి తరము?

దరువునకు సరిపడ ప్రాసలతో మాటలు పలుకుటయే ర్యాప్. పిమ్మట శాంప్లర్ అను యంత్రము వచ్చెను. అది ఏ ధ్వని తునకనైనను అంకెలుగా మార్చి దాచుకొని, కోరినప్పుడు తిరిగి పలికించును. ఇట్టి తునకలను, దరువులను చేర్చి పాటకు రూపు కల్పించువానిని ప్రొడ్యూసర్ అందురు. చలనచిత్రములకు పెట్టుబడి పెట్టు నిర్మాతయు, ఇతడును ఒకటి కారు. ఇతడు ధ్వనుల మేస్త్రి.

ఇక మన తెలుగు బిడ్డ. శ్వేత యల్లాప్రగడ రావు 1986లో కాలిఫోర్నియా రాష్ట్రపు క్లేర్‌మాంట్ పట్టణమున తెలుగు దంపతులకు జన్మించెను. బాల్యముననే కూచిపూడి మొదలగు నాట్యముల నభ్యసించెను. రాజకుమారి యను పేరుతో ర్యాప్ చేపట్టి, నాట్యమున నేర్చిన జతుల నడకను ఆంగ్లపదముల కూర్పులోనికి తెచ్చెను. 2017లో ముంబయి ర్యాపరగు డివైన్‌తో కలిసి 'సిటీ స్లమ్స్' అను పాటను వెలువరించెను. 2019లో యువ ర్యాపర్ల పోటీయగు 'ఎంటీవీ హసుల్'కు న్యాయనిర్ణేతగా నుండెను. 2023లో 'ది బ్రిడ్జ్' అను ఆల్బము నందించెను. వంతెన యను ఆ పేరు ఆమె వృత్తికే తగియున్నది. పరాయి విద్య నేర్చుటకు ఆమె ఇంటి విద్యను విడువలేదు.

ఆమె రచయిత్రులలో నొకతెగా నున్న 'సెంచురీస్' అను పాట 2014లో ఫాల్ అవుట్ బాయ్ అను బృందముచే వెలువడెను. సుజాన్ వేగా అను గాయని పాత పాటలోని కూనిరాగమును అందులో క్రొత్తగా పాడించి చేర్చిరి. రాగము గ్రహించినందున రచయితల పట్టికలో వేగా పేరును చేర్చిరి. ఈ మర్యాద ఊరక పుట్టినది కాదు. బిజ్ మార్కీ యను ర్యాపర్, గిల్బర్ట్ ఓ సల్లివన్ పాటలోని తునకను అనుమతి లేక వాడుకొనగా, 1991లో న్యూయార్కు న్యాయస్థానమున కెవిన్ డఫీ అను న్యాయమూర్తి తన తీర్పును నిర్గమకాండములోని దొంగతనమును నిషేధించు ఆజ్ఞతోనే ప్రారంభించెను. ఆ పిమ్మట సంగీత సంస్థలు అనుమతి పొందక పాత ధ్వనులను వాడుటకు వెనుదీసినవి.

విద్యార్థులారా, ఈ సంగతి మనకు దూరము కాదు. సీలేరు నీటినుండి మన డొంకరాయిలో విద్యుత్తు పుట్టుచున్నది. పాటను పట్టి దాచు యంత్రము నేడు అరచేతి ఫోనులోనే యున్నది. అరకు లోయలో థింసా అడుగులును, కోయల కొమ్ము నృత్యపు డోలు మ్రోతయు ఏ ప్రొడ్యూసరు చెవికైనను ఇంపగునవే. కాని మన కొండపాటలకు వ్రాసినవారి పేరు లేదు. పేరులేని పాటను ఎవరైనను తమదిగా చెప్పుకొనవచ్చును. పెట్టెల మ్రోతలో అది బొత్తిగా వినబడకయే పోవచ్చును.

కావున మా సలహా యిది. ఈ వేసవి సెలవులలో మీ అవ్వ పాడు పాట నొక్కటి ఆమె యనుమతితో రికార్డు చేయుడు. పాడినవారి పేరు, ఊరి పేరు, భాష, తేదీ, ఏ పండుగకు పాడుదురో ఆ వివరము వ్రాసి యుంచుడు. దరువు చేర్చి క్రొత్త పాట కట్టదలచినచో కట్టుడు, మేము వలదనము. కాని పాట వినిపించునపుడు మొదట ఆ అవ్వ పేరు చెప్పుడు.