పాటను పదిలపరచుట

లోకములో వ్రాత నిలుచును, మాట నిలువదు. వేయేండ్ల క్రిందట చెక్కిన శాసనములు నేటికిని మన కన్నులయెదుట నున్నవి. తాటాకులపై గంటముతో వ్రాసిన కావ్యములు తరతరములు దాటి మన చేతికి వచ్చినవి. కాని ఆ కావ్యములను నాటివారు ఏ గొంతుతో చదివిరో, ఏ రాగమున పాడిరో మనకు తెలియదు. పలికిన పలుకు ఆ క్షణముననే గాలిలో కలిసిపోయెను. ఈ నష్టమును మాన్పు ఉపాయము 1877వ సంవత్సరమున దొరికినది. అమెరికా దేశీయుడగు థామస్ ఆల్వా ఎడిసన్, తిరుగుచున్న గొట్టముపై తగరపు రేకును చుట్టి, ధ్వని కంపనములు సూదిమొనతో దానిపై గుర్తులుగా పడునట్లు చేసి, ఆ గుర్తులనుండి మరల ధ్వనిని పుట్టించెను. ఆ యంత్రమునకే ఫోనోగ్రాఫు అని పేరు.

అయితే యంత్రము పట్టణములో నుండెను; పాట పల్లెలో నుండెను. రెంటిని ఒకచోట చేర్చుట సులభముగా జరుగలేదు. 1933లో జాన్ లోమాక్సు, ఆయన కుమారుడు ఆలన్ అమెరికాలోని జానపదగేయములను సేకరింప బయలుదేరినపుడు, 315 పౌనుల బరువుగల యంత్రమును, అనగా ఇంచుమించు 143 కిలోగ్రాముల బరువును, కారు వెనుక భాగమున నుంచుకొని ఊరూర తిరిగిరి. తరువాత టేపురికార్డరు వచ్చి బరువు తగ్గెను. 1970 దశకములో జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు, అలిసెట్టి గాలెయ్య అను గాయకుడు పాడిన పల్నాటి వీరుల కథను టేపుపై సంగ్రహించి, ఆంగ్లమున అనువదించి 1982లో గ్రంథరూపమున ప్రకటించెను. నోటనే జీవించిన కథ ఆ విధముగా నిలువ నీడ సంపాదించుకొనెను.

నేడు ఆ బరువులు మోయ నక్కరలేదు. ఒక ల్యాప్‌టాపు, పుస్తకమంత ప్రమాణముగల ఆడియో ఇంటర్‌ఫేసు అను పెట్టె, రెండు మూడు మైక్రోఫోనులు, కొన్ని తీగెలు, దత్తాంశమును దాచు ఒక బయటి డ్రైవు, ఇవన్నియు ఒక్క సంచిలో ఇముడును. కాని వస్తువులు పెక్కయినకొలది అతుకులును పెక్కగును. కుండ ఎంత గొప్పదైనను నీరంతయు కారిపోవుటకు ఒక్క చిల్లు చాలును. కావున ఈ పరికరములను ఏ క్రమమున, ఏ జాగ్రత్తతో కలుపవలెనో తెలిసికొనుట ముఖ్యము.

ధ్వని యనగా గాలిలో పుట్టు కంపనము. మైక్రోఫోనులోని పలుచని పొర ఆ కంపనమునకు అదరి, దానిని మిక్కిలి స్వల్పమైన విద్యుత్తుగా మార్చును. ఈ విద్యుత్తును మైక్రోఫోనునుండి కొనిపోవు తీగె చివర మూడు పిన్నులుండును. అందు ఒకటి భూమికి సంబంధించినది; తక్కిన రెండింటిలో ఒకే ధ్వని ఒకదానికొకటి వ్యతిరేకముగా ప్రవహించును. దారిలో చొరబడిన రొద మాత్రము రెండింటిలోను ఒకే విధముగా నుండును. ఇంటర్‌ఫేసు ఆ రెండింటి భేదమును గ్రహించునపుడు పాట నిలుచును, రొద తొలగిపోవును. కండెన్సరు అను జాతి మైక్రోఫోనులకు పనిచేయుటకు విద్యుత్తు అవసరము; ఇంటర్‌ఫేసు 48 వోల్టుల విద్యుత్తును అదే తీగె గుండ పంపును. దాని మీట నొక్కుట మరచినచో, గాయకుడు ఎంత గొంతెత్తి పాడినను ఆ మైక్రోఫోను మూగదియే.

ఇంటర్‌ఫేసు ఆ స్వల్పమైన విద్యుత్తును పెంచి, సంఖ్యలుగా మార్చును. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు చూపగా మన కంటికి కదలిక కనబడునట్లే, ధ్వనిని సెకనుకు 48,000 మారులు కొలిచి ఆ కొలతలను వరుసగా దాచినచో, మరల ఆ ధ్వనిని పుట్టింపవచ్చును. ఒక్కొక్క కొలతను 16 బిట్లతో వ్రాసినచో 65,536 మెట్లును, 24 బిట్లతో వ్రాసినచో 1,67,77,216 మెట్లును లభించును. మెట్లు హెచ్చినకొలది మెల్లని శబ్దము సైతము స్పష్టముగా నిలుచును.

24 బిట్లనగా మూడు బైట్లు. కావున ఒక మైక్రోఫోనునుండి సెకనుకు 1,44,000 బైట్లు, గంటకు 51 కోట్ల 84 లక్షల బైట్లు వచ్చును. మూడు మైక్రోఫోనులతో మూడుగంటల కథను సంగ్రహించినచో 466 కోట్ల 56 లక్షల బైట్లగును. ఇచట ఒక చిక్కు కలదు. కొన్ని డ్రైవులు ఫ్యాట్ 32 అను పాతపద్ధతిలో సిద్ధపరుపబడి యుండును. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు ఇంచుమించు 429 కోట్ల బైట్లను మించరాదు. డ్రైవులో ఎంత చోటున్నను, ఆ మూడు ధ్వనులను ఒకే ఫైలులో వ్రాయుచుండినచో, కథ ముగియుటకు పావుగంట ముందు వ్రాత ఆగిపోవును. వీరుని మరణఘట్టమే దక్కకపోవచ్చును. కావున డ్రైవును ఎక్స్‌ఫ్యాట్ వంటి క్రొత్తపద్ధతిలో ముందుగనే సిద్ధపరుపవలెను. మైక్రోఫోనుకొక ఫైలు చొప్పున వేరువేరుగ వ్రాయవలెను.

ఇంటర్‌ఫేసును ల్యాప్‌టాపుతో కలుపునది యూఎస్‌బీ తీగె. పాతదగు యూఎస్‌బీ 2.0 మార్గమున సైతము సెకనుకు 48 కోట్ల బిట్లు, అనగా 6 కోట్ల బైట్లు పోవుటకు వీలున్నది. మూడు మైక్రోఫోనులకు కావలసినది నాలుగు లక్షల 32 వేలు మాత్రమే. కనుక మార్గము ఇరుకు కాదు. చిక్కు వేగములో గాక, పెక్కుసార్లు విద్యుత్తులో నుండును. యూఎస్‌బీ 2.0 ద్వారము 500 మిల్లీ ఆంపియర్లను, 3.0 ద్వారము 900 మిల్లీ ఆంపియర్లను ఇచ్చునట్లు నిర్ణయింపబడినది. ఇంటర్‌ఫేసు, బయటి డ్రైవు తమకు కావలసిన విద్యుత్తును ఈ ద్వారములనుండియే గ్రహించును. ద్వారములు చాలవని ఒకే ద్వారమునకు చౌకబారు హబ్బును తగిలించి రెంటిని దానికే కలిపినచో, ఒక్కరి అన్నము ఇద్దరు పంచుకొనినట్లగును. డ్రైవులోని మోటారు తిరుగ నారంభించునపుడు విద్యుత్తు చాలక ఏదో ఒకటి తటాలున విడిపోవును. కావున ఇంటర్‌ఫేసును ఒక ద్వారమునకు, డ్రైవును వేరొక ద్వారమునకు నేరుగా కలుపవలెను. హబ్బు తప్పనిసరియైనచో, స్వంత విద్యుత్తు గలదానినే వాడవలెను. మరియు తీగెలు చూపునకు ఒకే తీరున నున్నను గుణమున భేదించును. కొన్ని తీగెలు ఫోనునకు విద్యుత్తు నిచ్చుటకే పనికివచ్చును, దత్తాంశమును మోయవు. పరీక్షింపని తీగెను పొరుగూరికి కొనిపోరాదు.

ల్యాప్‌టాపు ఒకే కాలమున పెక్కు పనులు చేయుచుండును. అందుచే ఇంటర్‌ఫేసు పంపు కొలతలు బఫరు అను ఒక చిన్న తొట్టిలో కొంతసేపు నిలుచును. కాలువ నీరు తొట్టిలో నిండగా, రైతు వచ్చి తోడుకొనిపోవునట్లు కంప్యూటరు ఆ కొలతలను గ్రహించును. తొట్టి చిన్నదై రైతు ఆలస్యము చేసినచో నీరు పొరలిపోవును. అట్లే కొలతలు జారిపోయి పాటలో టకటకమను చప్పుళ్లు పుట్టును. తొట్టి పెద్దదైనచో ఆ భయము లేదు గాని, ధ్వని తిరిగి చెవిని చేరుటకు ఆలస్యమగును. 256 కొలతల తొట్టి నిండుటకు సెకనులో వేయవవంతులు ఐదు, 1,024 కొలతల తొట్టి నిండుటకు ఇరువదియొకటి పట్టును. తన గొంతు తనకే ఆలస్యముగా వినబడినచో గాయకుడు తాళము తప్పును. దీనికి విరుగుడు కలదు. ధ్వనిని ల్యాప్‌టాపు చుట్టు త్రిప్పక, ఇంటర్‌ఫేసునుండియే నేరుగా హెడ్‌ఫోనునకు పంపు మీట పెక్కు పెట్టెలపై నుండును. దాని నుపయోగించి, తొట్టిని పెద్దదిగా నుంచినచో రెండు కార్యములును నెరవేరును.

ఇక బయటి డ్రైవు. హార్డుడిస్కులో లోహపు పూతగల పళ్లెము నిమిషమునకు 5,400 మారులు లేక అంతకు మించి తిరుగును. దానికి వెండ్రుకవాసికంటె ఎన్నో రెట్లు తక్కువ ఎడములో వ్రాతమొన తేలుచుండును. డప్పుల దెబ్బలకు అదరు వేదికపై దాని నుంచుట అపాయకరము. ఎస్‌ఎస్‌డీ అను డ్రైవులో తిరుగు భాగములు లేవు, చప్పుడును లేదు. సంగ్రహించునపుడు ఎస్‌ఎస్‌డీని, పిమ్మట ప్రతులు తీయునపుడు హార్డుడిస్కును వాడుట మేలు.

ఒక బుర్రకథ ప్రదర్శనను తీసికొందము. నడుమ కథకుడు తంబురా మీటుచు, వ్రేళ్ల అందెలు మ్రోగించుచు కథ చెప్పును. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు వాయించుచు వంత పాడుదురు. కథకుని యెదుట ఒక మైక్రోఫోనును, వంతల కొక్కొక్కటియు నుంచినచో మూడు చాలును. కథ మెల్లగా మొదలై, వీరరసఘట్టమున ఒక్కపెట్టున ఉప్పొంగును. అంకెలలో ధ్వనికి సున్న డెసిబెల్లు పైహద్దు. దానిని దాటినచో ధ్వనితరంగపు శిఖరము తెగిపోవును. తెగినది తరువాత ఏ విద్యచేతను అతుకబడదు. కావున ముందుగా కథకునిచే ఆ ఉద్ధృతమైన ఘట్టమునే ఒక చరణము పాడించి, ఆ పాట హద్దునకు 12 డెసిబెల్లుల క్రింద నిలుచునట్లు మీటలు సరిచేయవలెను. ఛార్జరు తగిలించినపుడు కొన్నిచోట్ల గుయ్యిమను రొద వినబడును. అది సెకనుకు 50 ఆవృత్తులుగల ఇంటి విద్యుత్తుదే. ల్యాప్‌టాపును నిండుగా ఛార్జి చేసి బ్యాటరీపై నడిపినచో ఆ రొద సాధారణముగా తొలగును. కరెంటు పోయినను కథ తెగదు. ప్రదర్శనకు ముందు ఐదు నిమిషములు సంగ్రహించి, డ్రైవులోనికి చేరినదానినే తిరిగి వినవలెను. తెరపై గీతలు కదలుచున్నవని తృప్తిపడరాదు.

కథ ముగిసినను పని ముగియదు. కంప్యూటరు కొంత దత్తాంశమును తనలో నిలిపి, తీరికగా డ్రైవుపై వ్రాయును. తొందరపడి తీగెను లాగినచో వ్రాయనిది నశించును, వ్రాసినదియు చెడవచ్చును. కావున కంప్యూటరు అనుమతి యిచ్చిన పిమ్మటనే డ్రైవును విడదీయవలెను. ఆనాడే ప్రతులు తీయవలెను. మొత్తము మూడు ప్రతులుండవలెను. అవి రెండు తీరుల సాధనములపై నుండవలెను. అందొకటి వేరొక చోట నుండవలెను. ఒకే సంచిలోని మూడు ప్రతులు దొంగకు ఒక్కటే. ఫైలునకు కథ పేరు, గాయకుల పేరులు, ఊరు, తేదీ వ్రాసి యుంచనిచో, కొన్నియేండ్లకు అది ఎవరి గొంతుయో చెప్పువారుండరు.

గాయకుల అనుమతి పొందియే సంగ్రహింపవలెననియు, ఒక ప్రతిని వారి చేతికి ఈయవలెననియు మరువరాదు. ఆ పాట వారి సొత్తు. యంత్రము చెడిన మరియొకటి కొనవచ్చును. తీగె తెగిన మరియొకటి తేవచ్చును. ముదుసలి కథకుని కంఠమున మాత్రమే మిగిలిన కథ ఒకసారి జారిపోయినచో, దానిని అమ్ము అంగడి ఎచటను లేదు. తీగెను సరిగా బిగించుట చిన్న పనియే. అయినను ఒక తరము పాట మరుతరము చెవిని చేరుట ఆ చిన్న పనిపై ఆధారపడి యున్నది.